నేటి చిత్రకారులు - నేతగాని చూపు



కులమహాసభలయందు విద్యనుగూర్చియు, విద్యార్థి వసతిగృహములనుగూర్చియు, సహకారసంఘముల బాకీలనుగూర్చియు, నూలు ధరలనుగూర్చియు ప్రసంగించుట ఆచారమై యున్నది. ఈ సంవత్సరము చిత్రకారులనుగూర్చి మాటాడవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఈ సంగతి విని, "నూలు ధర దిగిరాని దినములలో బొమ్మల ముచ్చట యేల?" యని కొందరు పెద్దలు పెదవి విరిచిరట. వారి యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. మగ్గమునకును కుంచెకును గల చుట్టరికము ఎంత దగ్గరిదో చూపగలిగినచో వారును సమాధానపడుదురని మా నమ్మకము.

తెలంగాణమున కూనపులివారను కథకులు తరతరములుగా మన పద్మశాలి కులము నాశ్రయించి జీవించిరి. వారు ఊరికి వచ్చి, ఊరి నడుమ పటమును వ్రేలాడగట్టి, ఒక్కొక్క గడిని విప్పుచు, కర్రతో చూపుచు, మార్కండేయ మహర్షి కథను, ఆయన కుమారుడైన భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రము నేసిన కథను పాడెడివారు. ఆ పటము వెడల్పు మూడడుగులు. పొడవు నలువది, ఏబది అడుగులవరకు నుండెడిది. దానిని వ్రాసినవారు నకాషీ చిత్రకారులు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలయందు ఆ విద్య ఇప్పటికిని నిలిచి యున్నది. ముతక నూలుబట్టకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల అంబలియు, జిగురును కలిపిన పూతలు పూసి, ఆరబెట్టి, దానిపై నెర్రని నేల పరచి, కథ నంతయు గడులు గడులుగా వ్రాయుదురు. ఆ ముతకబట్టయు మగ్గముపై పుట్టినదే యని వేరుగ చెప్పనక్కరలేదు. గౌడులకు గౌడపురాణము, గొల్లలకు కాటమరాజు కథ, చాకలివారికి మడేలు పురాణము. ఇట్లు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పటమును, దానిని పాడు వంశమును ఉండెడివి. పటము జీర్ణమైనచో పారవేయక పూజచేసి నీట విడిచెడివారు.

కావున కులము చిత్రకారుని పోషించుట క్రొత్త మాట కాదు. అక్షరము రాని మన ముత్తవ్వలు సైతము ఆ యెర్రని నేలపై దేవుడెవడో, రాక్షసుడెవడో, ఋషి యెవడో దేహపు రంగును బట్టియు, కంటి తీరును బట్టియు పోల్చుకొనెడివారు. పుస్తకము చదువలేకున్నను బొమ్మ చదువగలిగిన వారది. సినిమాయు, దూరదర్శనమును వచ్చిన పిమ్మట పటము విప్పువారు తగ్గిరి; బొమ్మ చదువు విద్య మన యిండ్లలో మరుగుపడినది. చిత్రకారులు మాత్రము మరుగుపడలేదు. మాసపత్రిక, వారపత్రిక, దినపత్రిక, చిత్రశాల యను క్రొత్త పోషకులను వారు వెదకికొనిరి. మన మగ్గపు గదులలో గోడకు అంటించిన బొమ్మలలో సగము వారివే. గీసినదెవరో మాత్రము మనకు తెలియదు.

మేము కళాశాస్త్రము చదివినవారము కాము. అయినను బట్టను మాత్రము ఎరుగుదుము. ఏ చిత్రమును చూచినను మా కన్ను ముందుగా అందలి మనుష్యుల కట్టుబట్టపైకి పోవును. పండితులు నవ్విన నవ్వుదురు గాక, ఇది చెడ్డ త్రోవ కాదని మా యనుభవము. చిత్రకారుడు బట్టను గీసిన తీరులో అతని స్వభావమంతయు బయటపడును.

రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు బొంబాయిలో విద్యనభ్యసించి వచ్చి, స్వగ్రామముననే చిత్రకళాశాలకు పాదులు వేసి, 1925లో ఇరువదియేడేండ్ల ప్రాయమున మశూచికముచే మరణించిరి. ఆయన స్త్రీమూర్తులయందు వస్త్రము శరీరము ననుసరించి ప్రవహించును. అటుపిమ్మట వడ్డాది పాపయ్యగారు. చందమామ ముఖచిత్రముల మూలమున, యువ మాసపత్రిక మూలమున వ.పా. యను రెండక్షరములు తెలియని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. వారి నాయికల పయ్యెదలు ఎంత పలుచనివనగా, అట్టి బట్టకు నూరవ నెంబరు నూలు సైతము చాలదని మా యూరి నేతగాండ్రు పరిహాసమాడెడివారు. ఆ పరిహాసములో మెప్పును కలదు. లోకములో లేని బట్టను నేసి కట్టబెట్టుటయే కల్పన గదా! వ.పా. గారి లోకమున చెమట లేదు, మాసిక లేదు. అది వారి లోపమనువారు కలరు. మాకు మాత్రము పగలెల్ల పలకపై కూర్చుండి నాడె విసరినవానికి సాయంకాలము కనబడు కల యట్లే యుండవలెననిపించును.

బాపుగారి త్రోవ దీనికి పూర్తిగ వేరు. 1933లో నరసాపురమున జన్మించి, మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, న్యాయస్థానము మెట్లెక్కుటకు బదులు కుంచె పట్టిన ఈ మహనీయుడు 2014లో కీర్తిశేషులైరి. వారి స్త్రీ కట్టిన చీరను ఒకమారు నిదానముగ చూడుడు. అంచునకు రెండు గీతలు, కుచ్చెళ్ళకు నాలుగు, నడుమున చెక్కిన కొంగునకు ఒక్క విసురు. తక్కినదంతయు తెల్లకాగితము. ఆ తెల్లకాగితమును చీరగా నేయువాడు చూచువాడే. పడుగు బాపుగారిది, పేక మనది. ఇన్ని తక్కువ గీతలతో ఆ చీర కట్టినది పిఠాపురపు పంతులుగారి భార్యయో, గోదావరి లంకలోని రైతుబిడ్డయో తెలియజేయుట సామాన్యమైన శక్తి కాదు. ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగునకు వారు గీసిన బొమ్మను తీసివేసి ఆ పిల్లవానిని తలచుకొనుట నేడు ఎవరికిని సాధ్యము కాదు. వారి చేవ్రాత సైతము యంత్రాక్షరమై, శుభలేఖలపై ఊరూర తిరుగుచున్నది. మన సభ్యులలో అనేకులు తమ పిల్లల పెండ్లిపత్రికలలో ఆ యక్షరములు వాడియే యుందురు.

తోట వైకుంఠముగారు 1942లో నాటి కరీంనగరు జిల్లా బూరుగుపల్లెలో జన్మించినవారు. బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ గారి కడ అభ్యసించి తిరిగివచ్చి, తాము చిన్ననాట చూచిన పల్లెస్త్రీలనే వస్తువుగా గైకొనిరి. నల్లని దేహము, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, ముక్కున ముక్కుపుడక, ఎర్రని, పచ్చని, పసుపుపచ్చని చీరలు. ఆ చీరలు మన చీరలే. కుప్పడపు నేతలో ఒంటిరంగునకును అంచురంగునకును ఎట్లు తెగగొట్టినట్లు సరిహద్దుండునో, ఆయన చిత్రములలోను రంగు రంగును తాకును గాని కరగి కలసిపోదు. మసకరంగులు నాగరికమనియు ముదురురంగులు మోటనియు పట్టణపు దుకాణాదారులు మన నేతగాండ్రకు ఎన్నియో యేండ్లు పాఠము చెప్పిరి. ఆ మోటరంగులే నేడు వైకుంఠముగారి పటములపై దేశదేశముల చిత్రశాలలలో వ్రేలాడుచున్నవి. ఆ రంగులు నేసి నష్టపడిన చేతులకు ఇందు కొంత యూరట కలదు. 1988 నాటి "దాసి" చలనచిత్రమునకు కళాదర్శకత్వము వహించి జాతీయబహుమతి పొందినవారును ఈయనయే. గడీలోని దాసి కట్టు బట్టకును, దొరసాని కట్టు బట్టకును గల దూరమును ఆ చిత్రమున చూడవలెను.

లక్ష్మాగౌడుగారు మెదకుసీమ నిజాంపురమువారు. 2016లో పద్మశ్రీ పొందిరి. రాగిరేకుపై సూదితో గీచి, ఆమ్లముచే తినిపించి అచ్చువేయు విద్యలో ఆయన దిట్ట. మేకలును, చెట్లును, మనుష్యులును ఒకే వేరునుండి మొలిచినట్లుండు ఆ చిత్రములను కొందరు సభ్యసమాజమున చూపరానివందురు. పల్లెను పూలమాలలతో అలంకరింపక ఉన్నదున్నట్లు, ఉన్నదానికంటె నొకింత ఎక్కువగా, చూపుట చాలమందికి కొరుకుడు పడదు. సిద్దిపేట కాపు రాజయ్యగారు, 2012లో గతించినవారు, మన పల్లె పండుగలను, పనిపాటలను, నకాషీ పటపు చాయలు విడువకయే క్రొత్త చిత్రములుగా మలచిరి. చేర్యాలకును చిత్రశాలకును వంతెన వేసిన వారిలో ఆయన ముందువరుసవారు.

ఇక వ్యంగ్యచిత్రకారుల మాట. ఇచ్చట కొంత నిష్కర్షగ మాటాడవలసి యున్నది. సభ్యులు మన్నింతురు గాక.

1930లలో భారతి పత్రికలో తలిశెట్టి రామారావుగారు తెలుగున ఈ విద్యకు శ్రీకారము చుట్టిరి. మద్రాసు కళాశాలలో జంతుశాస్త్రము బోధించుచునే మనుష్యజంతువు చేష్టలను గీసిన జయదేవుగారు, విశాఖపట్టణమున అంగవైకల్యమును లెక్కచేయక, పురుషులే యున్న ఈ రంగమున తొలి తెలుగు మహిళగా ప్రవేశించి 2015లో మరణించిన రాగతి పండరిగారు, రాజకీయ వ్యంగ్యమునకు పదునుపెట్టి యెందరో యువకులకు గురువై 2017లో గతించిన మోహనుగారు, "ఇదీ సంగతి" యను చిన్న గడిలో నాలుగు దశాబ్దములు ఈనాడు పాఠకులకు ఉదయపు కాఫీతో పాటు చురక యందించి 2021లో ఆ పత్రికను విడిచిన శ్రీధరుగారు మనకు తెలిసినవారే. పామర్తి శంకరుగారు గీసిన నెల్సన్ మండేలా ముఖచిత్రమునకు 2014లో ప్రపంచ పత్రికా వ్యంగ్యచిత్రముల పోటీలో అత్యున్నత బహుమతి లభించినది. నల్లగొండ సీమలో పుట్టిన చేయి ఆఫ్రికా మహానాయకుని ముఖపు ముడుతలను పట్టుకొన్నది.

వీరి పనియందలి కష్టము మనకు సులభముగ బోధపడవలెను. నేతగాడు ఒక చీరకు పది దినములు తీసికొనవచ్చును. దినపత్రిక వ్యంగ్యచిత్రకారుడు ప్రతిదినము సాయంకాలమునకు ఒక క్రొత్త చీర కోసి యీయవలెను; నిన్నటి అంచు నేడు పనికిరాదు. ఉదయము జరిగిన సంగతి యొకటి, పదియేండ్ల క్రిందటి వాగ్దాన మొకటి, ఈ రెండింటిని తెచ్చి ఒక గడిలో ముడివేసినపుడే నవ్వు పుట్టును. ఆ ముడి వేయుటయే అతని కల్పన. రాట్నము ముందు ఛాయాచిత్రమునకు నిలిచిన నాయకుడును, ఆ చట్రమునకు వెలుపల చినిగిన పంచెతో నేతగాడును ఉన్న బొమ్మను మనము పత్రికలలో ఎన్నిమార్లు చూడలేదు? మన విన్నపపత్రములు పదిపుటలలో చెప్పలేని మాట అందు కలదు.

అట్టి చిత్రకారుడే ఒకనాడు మన కులపు ప్రముఖుని ముక్కు పొడుగుగా గీసినచో ఏమి జరుగును? ఖండనతీర్మానము, పత్రికాకార్యాలయము ముందు నినాదములు, క్షమాపణ కోరవలెనను బెదిరింపు. ఏ కులమును ఇందుకు వెలి కాదు. పదవిలో నున్నవాడు పదవిని బట్టి పరిహసింపబడును. అతని పరిహాసము కులమునకు చుట్టుకొనదు. కాని నేతగాండ్రందరును పిరికివారు, వెర్రివారు అని చూపు ముతకహాస్యమొకటి పూర్వమునుండి యున్నది. ఎక్కడ కనబడినను దానికి బదులు చెప్పవలసినదే. బదులు అక్షరములతో చెప్పుదము, వీలైన మరియొక బొమ్మతో చెప్పుదము. ఈ రెండింటికిని గల భేదమును మన యువజనసంఘములవారు గుర్తింపవలెనని మా ప్రార్థన. గీత గీయుటకు భయపడు చేయి మన పక్షమునను గీయలేదు.

కథలకు బొమ్మలు వేయువారి స్థితి మరింత కరుణాజనకము. చందమామలో విక్రమార్కుని భుజముపై శవమును మోపిన శంకరుగారి బొమ్మ తెలియని బాలుడు లేడు. 1947 జూలైలో పుట్టిన ఆ పత్రిక 2013 నాటికి ఆగిపోయినది. శంకరుగారు 2020లో గతించిరి. కథకు ప్రాణమిచ్చు గీతగల చంద్రగారు 2021లోను, పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు పేరుపెట్టగా ఆ పేరుతోనే ప్రసిద్ధులైన బాలిగారు 2023లోను మనలను వీడిరి. వారపత్రికలు ఒక్కటొక్కటిగా మూతపడినవి. కథకుని పేరు పెద్దయక్షరములలో నుండును, బొమ్మవేసినవాని పేరు బొమ్మ మూలను చీమతలంత యుండును. కొన్నిచోట్ల ఆ మూలను కూడ కత్తిరింతురు. మూలచిత్రము అచ్చుకు పోయినది తిరిగి రాదు. ఇట్లు పోగొట్టుకొన్న బొమ్మలను లెక్కించినవారు లేరు.

ఇప్పుడు ఈ ప్రసంగమునకు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. 2022 మొదలుకొని కృత్రిమమేధ యను యంత్రము సామాన్యులకును అందుబాటులోనికి వచ్చినది. నాలుగు మాటలు చెప్పిన చాలును, నిమిషములో బొమ్మ సిద్ధము. వందనపత్రములు, ఆహ్వానపత్రములు, సంచికల ముఖపత్రములు ఇట్టి బొమ్మలతో నిండుచున్నవి. ఖర్చు లేదు, ఆలస్యము లేదు, కళాకారుని అలకయు లేదు! అవి చూచుటకు అందముగనే యున్నవి. నేతగాని కంటితో చూచినచో కొన్నింట పయ్యెద ఏ భుజము మీదినుండి వచ్చినదో తెలియదు; అంచు మోకాలికడ మాయమై మడమకడ మరల పుట్టును. ఈ తప్పులు రేపు దిద్దుకొనబడవచ్చును. కావున మా వాదమును ఆ తప్పులపై నిలుపము. ఆ యంత్రమునకు విద్య యెట్లు వచ్చినదో విచారింపుడు. లోకమునందలి చిత్రకారుల బొమ్మలను కోట్లకొలది, వారిలో అత్యధికుల యనుమతి లేకయు ప్రతిఫలము లేకయు దానికి చూపి నేర్పించిరి.

ఈ కథ మనకు క్రొత్తదా? పోచంపల్లి చిటికీ చీరకు నూలును ముడివేసి, రంగులో ముంచి, విప్పి, మరల ముడివేసి, పడుగున పేకన లెక్క తప్పకుండ ఒక పువ్వును పూయించుటకు ఇంటిల్లిపాది నెలల తరబడి శ్రమింతురు. ఆ పువ్వునే మిల్లుబట్టపై అచ్చొత్తి వీధిలో పదోవంతు వెలకు అమ్ముదురు. కొనువారు "చూచుటకు రెండును ఒక్కటే గదా" యందురు. ఈ మాట విని మనము ఎంత నొచ్చుకొంటిమి! 1985 నాటి చట్టము మొదట 22 రకముల వస్త్రములను చేమగ్గమునకు ప్రత్యేకించినది. అవి పిమ్మట 11కు తగ్గినవి. ఆ పదునొకండును మరమగ్గముపై నడుచుటలేదని ఎవరు చెప్పగలరు? అసలును నకలునుండి వేరుపరచుటకు 2006లో చేనేత గుర్తు ఏర్పడినది. ఆ గుర్తును చూచి కొనుడని లోకమును బతిమాలుకొను మనము, చిత్రకారుని సంతకము లేని నకలుబొమ్మను మన సంచికపై అచ్చువేయింప తగునా? "చూచుటకు ఒక్కటే గదా" యని ఇతరులన్న మాటను మన నోట పలుక తగునా?

మేము యంత్రద్వేషులము కాము. చింతకింది మల్లేశముగారి ఆసుయంత్రమును చూడుడు. ఒక్కొక్క చీరకు వేలమార్లు చేయి చాచి ఆసుపోయు తల్లి భుజపునొప్పి చూడలేక ఆయన దానిని నిర్మించిరి. 2017లో పద్మశ్రీ యందుకొనిరి. ఆ యంత్రము నొప్పిని తీసికొన్నది, నేతను నేతగానికే విడిచినది. బొమ్మల యంత్రము అందుకు విపరీతముగ చిత్రకారుని పనినే తీసికొని నొప్పిని అతనికి విడుచుచున్నది.

కావున మహాసభవారి ముందు మేము కొన్ని కోరికలు ఉంచుచున్నాము. వచ్చు సంవత్సరపు సంచికకు ముఖపత్రమును ఒక చిత్రకారునిచేతనే వ్రాయింపవలెను. పైకము అచ్చుకు ముందే చెల్లింపవలెను. దాతల పేర్లు ఎంత యక్షరములలో అచ్చగునో ఆయన పేరును అంత యక్షరములలో అచ్చగవలెను. మూలచిత్రమును భద్రముగ తిరిగి యప్పగింపవలెను. వసతిగృహమునందు గీతలు గీయు పిల్లవాడున్నచో వానిని వార్డెనుగారు మందలింపక, కాగితములును రంగులును కొనియీయవలెను. ఆ ఖర్చును భరించుటకు ఇప్పటికే ఇరువురు పోషకులు మాట యిచ్చియున్నారు. వారి కోరికపై పేర్లు చెప్పుటలేదు.

మరియొక కోరిక కలదు. ఇది కొంత పెద్దది. చేర్యాల చిత్రకారులచే మార్కండేయపురాణపు పటమును మన సంఘము మరల వ్రాయింపవలెను. భావనాఋషి కథతోనే అది ముగియనక్కరలేదు. ఊళ్ళు విడిచి షోలాపురమునకును, భివండికిని, సూరతునకును మూటలతో తరలిపోయిన మనవారి గడియొకటి, మరమగ్గపు గడియొకటి, ఆసుయంత్రపు గడియొకటి చేర్పవలసి యున్నది. ఎర్రని నేలపై రైలుబండిని ఎట్లు వ్రాయవలెనో, అందు కిటికీకడ కూర్చున్న స్త్రీ చీరకు ఏ రంగు వేయవలెనో మనము చెప్పవలదు. అది వారి పని. వెల యెంతయో వారినే అడుగుదము, బేరమాడవలదు. ఈ తీర్మానమును బలపరుపవలసినదిగా సభాసదులను కోరుచు సెలవు తీసికొనుచున్నాము.